రోడ్డుకొక ఒప్పందం, మెట్రోకొక ఒప్పందం: పీపీపీలో ఏది ఎక్కడ పనికొస్తుంది?

పీపీపీ, అంటే ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం, మాట ఎత్తగానే మన దగ్గర చర్చ రెండు ముక్కల్లో ముగుస్తుంది. "అంతా ప్రైవేటుకు అప్పగిస్తున్నారు" అని ఒకరంటే, "ఖజానాలో డబ్బు లేదు, వేరే దారేది" అని ఇంకొకరంటారు. ఆంధ్రప్రదేశ్‌లో మెడికల్ కాలేజీల మీద, తెలంగాణలో హైదరాబాద్ మెట్రో మీద 2025లో ఈ వాదనే గట్టిగా నడిచింది. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ రేపు మీ పట్టణంలో బైపాస్ రోడ్డో, చెత్త ప్లాంటో, బస్టాండో ఈ పద్ధతిలో కడతామని కౌన్సిల్ ముందుకు ఫైలు వస్తే, ఈ వాదనతో ఏమీ తేలదు. ఎందుకంటే పీపీపీ అన్న పేరు కింద కనీసం నాలుగైదు వేర్వేరు పద్ధతులున్నాయి. ఒక పనికి సరిగ్గా సరిపోయేది ఇంకో పనిని ముంచేస్తుంది.

కౌన్సిలర్లు, విలేకరులు, పన్ను కడుతూ ప్రశ్న అడగాలనుకునే మామూలు పౌరులు చదువుతారని ఇది రాస్తున్నాను. ఏ ఒప్పందాన్నయినా నేను ఒకే ప్రశ్నతో మొదలుపెడతాను: లెక్క తప్పితే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

తప్పే లెక్కలు ప్రధానంగా నాలుగు. భూమి సమయానికి చేతికి రాకపోవడం. కట్టడం ఆలస్యమై ఖర్చు పెరగడం. అనుకున్నంత మంది వాడకపోవడం. కట్టాక సరిగ్గా చూసుకోకపోవడం. భూసేకరణ ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చేయలేరు కాబట్టి ఆ నష్టం ప్రభుత్వానిదే కావాలి. కట్టడం, నిర్వహణ కంపెనీ చేతిలో ఉండేవి, అవి కంపెనీ భరించాలి. వీటి మీద పెద్దగా తగాదా లేదు. అసలు గొడవంతా మూడోదాని మీదే. ఎంతమంది ఎక్కుతారు, ఎన్ని బండ్లు తిరుగుతాయి అన్నది పూర్తిగా ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ నష్టాన్ని ఎవరి నెత్తిన పెట్టారో చూస్తే ఆ ఒప్పందం ఏ రకమో తెలిసిపోతుంది.

డబ్బు ఎటునుంచి ఎటు పోతుంది

ఈపీసీ అంటే పాత కాంట్రాక్టు పద్ధతికి మెరుగైన రూపం. డిజైను, సామాను, కట్టడం అన్నీ ఒకే కాంట్రాక్టరుకు ఒక ధరకు ఇస్తారు. డబ్బంతా ప్రభుత్వానిదే. పని పూర్తయ్యాక కొన్నేళ్ళ వరకు లోపాలు వస్తే కాంట్రాక్టరే సరిచేయాలి. ఆ తర్వాత గుంత పడితే ఆర్ అండ్ బీ వాళ్ళ దగ్గరికే పోవాలి. ఇది పీపీపీ కాదు. అయినా పోల్చడానికి ఇది పక్కన ఉండాలి, లేకపోతే పీపీపీ లాభమో నష్టమో తేలదు.

బీవోటీ టోల్‌లో కంపెనీ తన డబ్బు, బ్యాంకు అప్పు పెట్టి కడుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ళు టోల్ వసూలు చేసుకుని తిరిగి అప్పగిస్తుంది. టోల్‌తో గిట్టుబాటు కాదనుకుంటే ప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్, అంటే లోటు పూడ్చే సాయం ఇస్తుంది. మామూలు పనులకు కేంద్రం 20 శాతం వరకు, రాష్ట్రం ఇంకో 20 శాతం వరకు ఇవ్వవచ్చు. ఎవరు తక్కువ సాయం అడిగితే వాళ్ళకే టెండరు. బండ్లు బాగా తిరిగే రోడ్డయితే కంపెనీయే ప్రభుత్వానికి ఎదురు డబ్బు ఇస్తానని పాడుతుంది.

యాన్యుటీలో టోల్‌తో కంపెనీకి సంబంధం లేదు. కట్టి, నడిపిస్తే ప్రభుత్వం ఆరు నెలలకోసారి ఒక మొత్తం చెల్లిస్తుంది. ఈ రెండింటి మధ్యలో పుట్టింది హైబ్రిడ్ యాన్యుటీ, అందరూ హ్యామ్ అంటున్నది. జాతీయ రహదారులకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం దీన్ని ఆమోదించింది. 2010 ప్రాంతంలో బీవోటీ రోడ్ల కోసం ఎగబడి పాడిన కంపెనీలు అప్పుల్లో కూరుకుపోయి, బ్యాంకులు ఇక రోడ్లకు అప్పివ్వం అనే పరిస్థితి వచ్చాక వచ్చిన పద్ధతి ఇది.

హ్యామ్ లెక్క ఒకసారి వేసి చూద్దాం. రోడ్డు 100 కోట్లు అనుకుందాం. పని నడుస్తుండగానే ప్రభుత్వం 40 కోట్లు ఇస్తుంది. మిగతా 60 కోట్లు కంపెనీ తెచ్చుకుంటుంది. పని పూర్తయ్యాక 15 ఏళ్ళపాటు, ఆరు నెలలకోసారి, 30 వాయిదాల్లో ప్రభుత్వం ఆ 60 కోట్లను వడ్డీతో తీరుస్తుంది. నిర్వహణ ఖర్చు వేరు. అసలును సమాన వాయిదాల్లో తీరుస్తూ, మిగిలిన బాకీ మీద వడ్డీ 8 శాతంగా ఉంటే వడ్డీయే 37 కోట్ల దాకా అవుతుంది. తొలి వాయిదాలు చిన్నవిగా పెడితే ఇంకా ఎక్కువ. అంటే హ్యామ్‌లో రోడ్డు ఉచితంగా రావడం లేదు, వాయిదాల్లో వస్తోంది. ఆ వడ్డీకి బదులుగా మనకు దక్కేది 15 ఏళ్ళ నిర్వహణ బాధ్యత. అది నిజంగా అమలైతే ఆ ధర ఇవ్వదగ్గదే. నిర్వహణ సరిగ్గా లేనప్పుడు చెల్లింపు కోసే దమ్ము ఆ శాఖకు లేకపోతే మాత్రం, ప్రభుత్వమే తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి ఈపీసీలో కట్టడం మేలు.

టీవోటీ వీటన్నిటికీ తలకిందులు. రోడ్డు ముందే కట్టి ఉంటుంది, టోల్ వస్తూ ఉంటుంది. రాబోయే ముప్పై ఏళ్ళ టోల్‌ను ఒకేసారి డబ్బు తీసుకుని కంపెనీకి ఇచ్చేస్తారు. పొలాన్ని ముప్పై ఏళ్ళ కౌలు ముందే తీసుకుని ఇచ్చెయ్యడం లాంటిది. 2018లో జాతీయ రహదారుల సంస్థ ఇచ్చిన మొదటి టీవోటీ మూటలో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది రోడ్డు ముక్కలున్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ 9,681 కోట్లకు వాటిని దక్కించుకుంది.

రోడ్లు: పంతంగి టోల్‌గేటు చెప్పే పాఠం

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు తెలియని తెలుగువాళ్ళు తక్కువ. మల్కాపూర్ నుంచి నందిగామ దాకా దాదాపు 181 కిలోమీటర్లు జీఎంఆర్ సంస్థ బీవోటీ టోల్ పద్ధతిలో నాలుగు వరుసలుగా కట్టి, 2012 చివర్లో టోల్ మొదలుపెట్టింది. గడువు 25 ఏళ్ళు. రెండు పెద్ద నగరాల మధ్య రోడ్డు, పండగొస్తే బారులు తీరే బండ్లు. కాగితం మీద ఇంతకన్నా భద్రమైన రోడ్డు దొరకదనిపిస్తుంది. 2014లో రాష్ట్రం రెండయింది. ఇసుక రవాణా మీద ఆంక్షలు వచ్చాయి. లారీలు అనుకున్నంతగా తిరగలేదు, ఇది చట్టంలో మార్పు వల్ల కలిగిన నష్టం కాబట్టి పరిహారం ఇవ్వాలని కంపెనీ పట్టుబట్టింది. మధ్యవర్తిత్వం, కోర్టులు అయ్యాక 2024 జులై 1 నుంచి టోల్ వసూలు జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చింది. ఇరవై అయిదేళ్ళ ఒప్పందం సగంలో ముగిసింది. మధ్యలో ఆరు వరుసల విస్తరణ ఆగింది. ఆ రోడ్డు మీద ప్రమాదాలు చూసిన వాళ్ళకు ఆ ఆలస్యం ఖరీదు ఎంతో తెలుసు.

బండ్ల రాకపోకలు తగ్గినా పెరిగినా సర్దుబాటు చేసే ఏర్పాటు జాతీయ రహదారుల నమూనా ఒప్పందంలో ముందే ఉంది. నిర్ణీత సంవత్సరానికి అనుకున్న బండ్ల కన్నా ఒక శాతం తగ్గితే గడువు ఒకటిన్నర శాతం పెరుగుతుంది, గరిష్ఠంగా 20 శాతం. పెరిగితే గడువు తగ్గుతుంది, గరిష్ఠంగా 10 శాతం. మంచి నిబంధనే. కానీ గడువు పెరిగినంత మాత్రాన ఈ నెల కట్టాల్సిన బ్యాంకు కిస్తీకి డబ్బు రాదు. లోటు పెద్దదైతే గడువు పొడిగింపు ఆ కంపెనీని నిలబెట్టలేదు.

దీనికి పూర్తిగా ఎదురు చివర ఢిల్లీ–నోయిడా వంతెన ఉంది. 2001లో తెరిచిన ఆ డీఎన్‌డీ ఫ్లైవే ఒప్పందంలో పెట్టుబడి మీద ఏటా 20 శాతం రాబడికి హామీ ఇచ్చారు. అంత రాకపోతే ఆ తక్కువైనది మొత్తం ఖర్చుకు కలుస్తుంది. దాంతో టోల్ ఎంత వసూలైనా రావలసిన మొత్తం ఏటికేడు పెరుగుతూనే పోయింది. 2016లో అలహాబాద్ హైకోర్టు టోల్ ఆపించింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. రాకపోకల నష్టాన్ని జనం నెత్తిన ఇంత ఘోరంగా రుద్దిన ఒప్పందం ఇంకోటి చూపించడం కష్టం. "హామీ రాబడి" అన్న మాట ఏ ముసాయిదాలో కనిపించినా అక్కడే ఆగి నిలదీయండి.

మరి ఎంపిక ఎలా? లారీలు, బస్సులు ఏళ్ళ తరబడి నిలకడగా తిరుగుతున్న రహదారిని వెడల్పు చేయాలంటే బీవోటీ టోల్ బాగుంటుంది, ఎందుకంటే రాకపోకల లెక్క ఇప్పటికే చేతిలో ఉంది. కొత్తగా పొలాల మధ్యనుంచి వేసే రోడ్డుకు అది వద్దు. అక్కడ హ్యామ్ మంచిది. మండలాల మధ్య రోడ్లు, పంచాయతీరాజ్ రోడ్లు అయితే నా ఓటు ఈపీసీకి, దానితోపాటు ఐదు నుంచి ఏడేళ్ళ నిర్వహణను అదే కాంట్రాక్టులో కలిపేయాలి. అలాంటి రోడ్డు మీద టోల్ పెడితే ట్రాక్టరు రైతు, ఆటో డ్రైవరు పోట్లాడతారు, న్యాయంగానే పోట్లాడతారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో రాష్ట్ర రహదారులకు టోల్ ఆలోచన వచ్చినప్పుడు, ముఖ్యమంత్రి ఆటోలకు, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంటుందని, భారీ వాహనాల నుంచే వసూలు చేస్తారని చెప్పారు. మినహాయింపు మంచిదే. కానీ బండ్లలో ఎక్కువ భాగం మినహాయింపులోకి పోతే మిగిలిన లారీల టోల్‌తో రోడ్డు గిట్టదు, ప్రభుత్వం లోటు పూడ్చాల్సిందే. ఆ లోటు ఎంతో ముందే చెప్పమని అడగాలి.

హ్యామ్‌లో ఇంకో ప్రమాదం ఉంది, అది రాష్ట్రాల స్థాయిలో మరీ ఎక్కువ. ఈ ఏడాది బడ్జెట్‌లో 40 శాతమే కనిపిస్తుంది, మిగతాది రాబోయే మూడు ప్రభుత్వాల మీద పడుతుంది. వాయిదాలన్నీ కలిపి ఏటా ఎంత కట్టాలో శాసనసభ ముందు పెట్టకుండా వేల కిలోమీటర్లు హ్యామ్‌లో మంజూరు చేయడం, అప్పును అప్పు అనకుండా చేయడమే అవుతుంది.

టీవోటీ సంగతికొస్తే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) దగ్గరే మూడు పద్ధతులు కనిపిస్తాయి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో కొంత జపాన్ సంస్థ జైకా అప్పుతో, కొంత యాన్యుటీ ప్యాకేజీలతో కట్టారు. 2023లో మొత్తం రోడ్డును 30 ఏళ్ళకు టీవోటీ పద్ధతిలో 7,380 కోట్లకు ఐఆర్‌బీ అనే రోడ్ల కంపెనీకి ఇచ్చారు. ధర తక్కువని అప్పటి ప్రతిపక్షాలు తీవ్రంగా విమర్శించాయి. ధర ఎక్కువా తక్కువా అన్నదాని కన్నా నాకు ముఖ్యంగా తోచేది ఆ డబ్బు ఎటు పోయిందన్నది. టీవోటీ డబ్బుతో ఇంకో రోడ్డో, ఇంకో ఆస్తో కడితే సమర్థించవచ్చు. జీతాలకు, పాత బిల్లులకు పోతే ముప్పై ఏళ్ళ రాబడి ఒక్క ఏడాదిలో కరిగిపోయినట్టే. టీవోటీకి ఒప్పుకునే ముందు ఆ డబ్బు ఏ ఖాతాలోకి, ఏ పనికి అన్నది జీవోలోనే రాయించుకోవాలి.

మెట్రో: రాబడి నష్టం కంపెనీ మీద పెడితే ఏమవుతుంది

హైదరాబాద్ మెట్రో మన కళ్ళముందే జరిగిన పెద్ద ప్రయోగం కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మొదటి టెండరు 2008లో సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్‌కు వెళ్ళింది. మామూలుగా మెట్రోకు ప్రభుత్వం సాయం చేయాలి. మేటాస్ మాత్రం తానే ప్రభుత్వానికి ఒప్పంద కాలంలో 30,311 కోట్లు ఇస్తానంది. ఆ లెక్క టికెట్ల మీద నిలబడింది కాదు, మెట్రోతోపాటు వచ్చే భూముల్లో వ్యాపారం మీద నిలబడింది. అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ అదే ఏడాది ప్లానింగ్ కమిషన్‌కు లేఖ రాసి ఈ భూముల ఏర్పాటు మీద హెచ్చరించారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, మేటాస్ డబ్బు సమకూర్చుకోలేకపోయింది, ఆ ఏడాదే ఒప్పందం రద్దయింది. ఎక్కువ పాడిన వాడికే ఇవ్వాలన్న గుడ్డి నియమం ఎక్కడికి దారి తీస్తుందో అక్కడే చూశాం.

రెండో టెండరు 2010లో ఎల్ అండ్ టీకి దక్కింది. ఈసారి కంపెనీ అడిగిన సాయం 1,458 కోట్లు. 35 ఏళ్ళ ఒప్పందం, స్టేషన్ల దగ్గర, డిపోల దగ్గర 269 ఎకరాల్లో వాణిజ్య నిర్మాణ హక్కు. కట్టడం విషయంలో ఆ సంస్థ సమర్థత మీద నాకు సందేహం లేదు. జనంతో కిక్కిరిసిన రోడ్ల నడిమధ్యన స్తంభాలు లేపి 69 కిలోమీటర్లు నడిపించారు. భూమి, అనుమతులు, అలైన్‌మెంట్ గొడవలతో ఏళ్ళు గడిచి తొలి రైలు 2017 నవంబరులో, మూడు మార్గాల్లో చివరి ముక్క 2020 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాయి. రెండు నెలలు తిరగకుండానే కరోనా వచ్చి రైళ్ళు ఆగాయి. తర్వాత ప్రయాణికులు కోలుకున్నా రోజుకు అయిదు లక్షల దరిదాపుల్లోనే నిలిచారు. మొదట వేసిన అంచనాలు 15 లక్షలు దాటి ఉన్నాయి. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. జనానికి మేలు చేసిన పథకం అది, నేను సమర్థిస్తాను. కానీ మెట్రో ఎక్కేవాళ్ళు కొందరు బస్సుకు మళ్ళారని కంపెనీ చెప్పింది. 2025 మేలో చార్జీలు పెంచితే జనం నుంచి వ్యతిరేకత వచ్చి, కొద్ది రోజుల్లోనే పది శాతం తగ్గించాల్సి వచ్చింది. చివరికి 2025 సెప్టెంబరులో దాదాపు 13,000 కోట్ల అప్పును తన మీద వేసుకుని, కంపెనీ వాటాకు సుమారు 2,000 కోట్లు ఇచ్చి మెట్రోను తీసుకునేందుకు తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

ఇందులో విలన్‌ను వెతకడం వల్ల ప్రయోజనం లేదు. టికెట్ ధర, బస్సు రూట్లు, ఉచిత ప్రయాణం, పార్కింగ్ రుసుము, ఊరు ఏ వైపు పెరగాలన్నది అన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ప్రయాణికుల సంఖ్య మీద నష్టం మాత్రం కంపెనీ చేతిలో పెట్టారు. ఈ రెండూ వేరు వేరు చేతుల్లో ఉన్నంతకాలం ఏ నగరంలో అయినా ఇదే కథ నడుస్తుంది. గురుగ్రామ్ ర్యాపిడ్ మెట్రో 2019లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ముంబయి మొదటి మెట్రో 2014లో మొదలైన రోజుల్లోనే చార్జీల తగాదా కోర్టుకెక్కింది.

అందుకే మెట్రోల విషయంలో నా మాట సూటిగా చెబుతాను: మొత్తం కట్టి, మొత్తం నడిపి, టికెట్లతో తిరిగి సంపాదించుకోమనే పద్ధతి వద్దు. కేంద్రం, రాష్ట్రం చెరిసగం భాగస్వామ్యంతో కట్టే పద్ధతి ఢిల్లీ, బెంగళూరు, చెన్నైల్లో నిలబడింది. హైదరాబాద్ రెండో దశను కూడా తెలంగాణ కేంద్రంతో ఉమ్మడిగానే ప్రతిపాదించింది. ప్రైవేటు సత్తా కావాలనుకుంటే రైళ్ళు నడపడం, టికెట్ యంత్రాలు, స్టేషన్ల నిర్వహణ వంటివి, ఇన్ని రైళ్ళు వేళకు నడిపితే ఇంత అని ముందే నిర్ణయించిన చెల్లింపుకు ఇవ్వవచ్చు.

దీనిలోనూ ఒక చిక్కుంది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్‌లో వంతెనలు, స్తంభాలు ఢిల్లీ మెట్రో కట్టింది, పట్టాలు, రైళ్ళు, నడిపే పని రిలయన్స్ ఇన్‌ఫ్రా సంస్థది. 2011లో తెరిచిన లైనును 2012 జులైలో బేరింగుల లోపాలు బయటపడి ఆపేశారు. తప్పెవరిదని తేలకముందే కంపెనీ ఒప్పందం రద్దు చేసుకుంది, 2013లో ఢిల్లీ మెట్రోయే లైనును తీసుకుంది. 2017లో మధ్యవర్తులు 2,782 కోట్లు, దాని మీద వడ్డీ కంపెనీకి ఇమ్మన్నారు. 2021లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2024 ఏప్రిల్‌లో క్యూరేటివ్ పిటిషన్‌లో, అంటే తుది తీర్పు మీద వేసే ఆఖరి విన్నపంలో, అదే కోర్టు దాన్ని కొట్టేసింది. పని ఇద్దరి మధ్య పంచితే సరిహద్దు ఎక్కడో, తనిఖీ చేసి సంతకం పెట్టేది ఎవరో ఒప్పందంలోనే తేల్చాలి.

విమానాశ్రయాలు, ఓడరేవులు

ఇక్కడ పీపీపీ బాగా పనిచేసింది, దానికి కారణాలూ స్పష్టంగానే ఉన్నాయి. వాడేవాళ్ళు డబ్బు చెల్లించగలరు. ఆదాయం ఒక్క దారిలో కాకుండా దుకాణాలు, పార్కింగ్, సరుకు రవాణా, చుట్టూ ఉన్న భూమి నుంచి వస్తుంది. విమానాశ్రయ రుసుములను నిర్ణయించడానికి ప్రత్యేక నియంత్రణ సంస్థ ఉంది. శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందం 2004 డిసెంబరులో కుదిరి 2008 మార్చిలో విమానాలు మొదలయ్యాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం, రాష్ట్రానికి 13 శాతం వాటా ఉంది. ప్రభుత్వానికి వాటా ఉంటే బోర్డులో కూర్చుని లెక్కలు చూసే హక్కుంటుంది, అది చిన్న విషయం కాదు.

అయినా ఒక నిబంధన దగ్గర జాగ్రత్త పడాలి. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల పోటీ విమానాశ్రయం రాకూడదని ఉంది. దాని వల్లే వరంగల్ మామునూరు విమానాశ్రయం ఏళ్ళ తరబడి ముందుకు కదల్లేదు. చివరికి కంపెనీ అభ్యంతరం లేదని ఒప్పుకున్నాకే 2025లో దారి తెరుచుకుంది. కొత్త విమానాశ్రయానికి తొలి పదేళ్ళు రక్షణ ఇవ్వడంలో న్యాయం ఉంది. పాతికేళ్ళ రక్షణ ఇస్తే పక్క జిల్లా తరం మొత్తం నష్టపోతుంది. భోగాపురం టెండరులో ఒక్కో ప్రయాణికుడికి ప్రభుత్వానికి ఇంత అని పాట పెట్టారు, 303 రూపాయలు పాడిన జీఎంఆర్‌కు దక్కింది. ఆదాయంలో వాటా కన్నా ఇది నాకు నచ్చిన కొలత. ప్రయాణికులను లెక్కపెట్టడం తేలిక, ఆదాయాన్ని పక్క కంపెనీలకు మళ్ళించి వాటా తగ్గించే వీలుండదు.

ఓడరేవుల్లో గంగవరం, కృష్ణపట్నం కంపెనీలే కట్టి నడిపే పద్ధతిలో వచ్చాయి. ప్రభుత్వం పెట్టుబడి తగ్గింది, పోర్టులు వచ్చాయి, పట్టు కూడా పోయింది. గంగవరంలో మిగిలిన 10.4 శాతం వాటాను కూడా 2021లో సుమారు 645 కోట్లకు అమ్మేశారు. మచిలీపట్నంలో మొదట కంపెనీకి ఇచ్చిన ఒప్పందం ఏళ్ళ తరబడి పని మొదలుకాక 2019లో రద్దయింది. ఇప్పుడు మారిటైమ్ బోర్డు అప్పు తెచ్చి కాంట్రాక్టరుతో కట్టిస్తోంది. ప్రభుత్వమే యజమానిగా ఉండి బెర్తులను, అంటే ఓడలు ఆగే చోట్లను, కంపెనీలకు అద్దెకిచ్చే ఈ ల్యాండ్‌లార్డ్ పద్ధతిలో ఒక కంపెనీ మునిగినా పోర్టు ఆగదు. రెండింటిలో నేను దీనికే మొగ్గుతాను, అప్పు భారం మొదట్లో ఎక్కువైనా సరే.

చెత్త, మురుగు నీరు

పట్టణాల ముందుకు ఎక్కువగా వచ్చే ఫైళ్ళు ఇవే. టన్నుకు ఇంత అని చెల్లించే పద్ధతిలో హైదరాబాద్ చెత్త రాంకీకి, కరెంటు తయారీ పద్ధతిలో విశాఖ, గుంటూరు చెత్త జిందాల్ ప్లాంట్లకు వెళుతోంది. టన్నుకు చెల్లిస్తే తడి చెత్త, మట్టి కలిపి బరువు పెంచే ఆశ పుడుతుంది. కరెంటు ప్లాంటుకు అయితే రోజుకు ఇన్ని టన్నులు ఇస్తామని మున్సిపాలిటీ మాట ఇవ్వాలి. అప్పుడు ఇంటింటా తడి పొడి వేరు చేసి చెత్త తగ్గించిన ఊరే శిక్ష అనుభవించే పరిస్థితి రావచ్చు. లక్ష జనాభా పట్టణానికి కరెంటు ప్లాంటు వద్దే వద్దు. ఎరువు, పొడి చెత్త వేరుచేసే కేంద్రం చాలు, అవి స్థానిక సంఘాలతో నడుస్తాయి.

మురుగు శుద్ధికి మాత్రం హ్యామ్ చక్కగా కుదిరింది. గంగ శుద్ధి పథకం కింద హరిద్వార్, వారణాసి, మథురలలో 40 శాతం కట్టేటప్పుడు, 60 శాతం 15 ఏళ్ళలో ఇస్తున్నారు. బయటికి వదిలే నీటి నాణ్యతను బట్టి చెల్లింపు ఉంటుంది. కట్టి వదిలేసిన ప్లాంట్లు తుప్పు పట్టడం మన పట్టణాల్లో చాలాచోట్ల చూస్తున్నాం కాబట్టి, ఈ ఒక్క రంగంలో హ్యామ్‌కు అదనంగా ఇచ్చే వడ్డీ దండగ కాదు.

ఆసుపత్రులు, మెడికల్ కాలేజీలు

పేదవాడి జేబు నుంచి వచ్చే డబ్బే కంపెనీకి ప్రధాన ఆదాయం కాకూడదు. వైద్యంలో నేను పెట్టుకున్న గీటురాయి ఇదే. 108 అంబులెన్స్ ఈ గీటురాయికి నిలబడింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవలో రోగి ఒక్క రూపాయి ఇవ్వడు, నడిపే సంస్థకు ప్రభుత్వమే చెల్లిస్తుంది. ప్రభుత్వాలు మారాయి, నడిపే సంస్థలు మారాయి, సేవ నిలిచింది. ఎందుకంటే చెల్లింపు సేవకు ముడిపడి ఉంది, రోగి ఆర్థిక స్థితికి కాదు.

మెడికల్ కాలేజీలు అంత తేలిక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పది కొత్త కాలేజీలను పీపీపీలోకి మార్చాలన్న నిర్ణయం మీద 2025లో వేడిగా పోరాటం నడిచింది. పైన చెప్పిన లోటు పూడ్చే సాయానికి కేంద్రం 2020లో సవరించిన పథకంలో వైద్యం, విద్య రంగాల్లో ప్రయోగాత్మక పనులకు కట్టడం ఖర్చులో కేంద్రం 40 శాతం, రాష్ట్రం 40 శాతం వరకు ఇవ్వవచ్చు. తొలి అయిదేళ్ళ నిర్వహణలో కూడా చెరో 25 శాతం వరకు ఇవ్వవచ్చు. ఆలోచించండి: ఖర్చులో 80 శాతం ప్రజల డబ్బు అయితే ఉచిత పడకలు, ప్రభుత్వ కోటా సీట్లు కూడా ఆ మేరకు ఉండాలి కదా? ఈ నిష్పత్తి సరిగ్గా ఉంటే చర్చకు తావుంటుంది. లేకపోతే నేను వ్యతిరేకినే.

అగ్రిమెంటులో ఏ పేజీలు తెరవాలి

ఒప్పందం వందల పేజీలుంటుంది. అంతా చదవడానికి సమయం లేకపోతే మొదట ముగింపు నిబంధన తెరవండి. జాతీయ రహదారుల నమూనాలో రోడ్డు నడవడం మొదలయ్యాక కంపెనీ తప్పుతో ఒప్పందం రద్దయినా, బీమా పోను బ్యాంకు అప్పులో 90 శాతం ప్రభుత్వమే కట్టాలి. ప్రభుత్వం తప్పు అయితే అప్పు మొత్తం, కంపెనీ వాటాకు ఒకటిన్నర రెట్లు. అంటే కంపెనీ పెట్టుబడి అని చెప్పేదాంట్లో పెద్ద భాగం చివరికి మన పూచీ మీదే ఉంది. బ్యాంకులు అప్పిచ్చేది కూడా ఆ పూచీ చూసే. ఆ అంకె ఎంతో కౌన్సిల్ తీర్మానంలో రాయించండి.

తర్వాత చట్టంలో మార్పు అన్న నిబంధన. ఉచిత బస్సులు, టోల్ మినహాయింపులు, రాష్ట్ర సరిహద్దులు, ఇసుక విధానం ఇందులోకి వస్తాయా రావా? తర్వాత చార్జీలు ఎవరు పెంచుతారు, ఏ సూత్రంతో. పోటీ నిషేధం ఎన్నేళ్ళు, ఎన్ని కిలోమీటర్లు. భూమి ఇస్తే ఎన్ని ఎకరాలు, ఎంతకాలం. 1,691 ఎకరాల అమరావతి స్టార్టప్ ఏరియాను స్విస్ చాలెంజ్ పద్ధతిలో సింగపూర్ కంపెనీలకు ఇచ్చి, ప్రభుత్వం మారాక 2019లో రద్దు చేసుకున్నారు. స్విస్ చాలెంజ్ అంటే ఒక కంపెనీ ముందుగా తన ప్రతిపాదన తెస్తుంది, మిగతావాళ్ళు అంతకన్నా మెరుగైనది తెస్తే మొదటివాడికి సరిపోల్చే అవకాశం ఇస్తారు. మిగతావాళ్ళకు తయారవడానికి నెలో రెండు నెలలో మాత్రమే దొరుకుతుంది కాబట్టి పోటీ పేరుకే మిగులుతుంది. పెద్ద భూములున్న పనికి ఈ పద్ధతిని ఒప్పుకోవద్దని నా సలహా.

పట్టణ స్థాయిలో ఇంకో మాట. ఒప్పందం రాసే లాయర్లు, లెక్కలు కట్టే సలహాదారులు కంపెనీ వైపు గట్టిగా ఉంటారు. మున్సిపాలిటీ వైపు ఒక కమిషనర్, ఒక ఇంజినీరు ఉంటారు, వాళ్ళు రెండేళ్ళలో బదిలీ అవుతారు. అందుకే 20, 30 కోట్ల పనికి పాతికేళ్ళ పీపీపీ పెట్టుకోవద్దు. ఒప్పందం రాయించే ఖర్చు, తర్వాత వచ్చే తగాదాల ఖర్చు ఆ పని విలువనే మింగేస్తాయి. చిన్న పనిని మామూలు టెండరుతో కట్టి, నిర్వహణను మూడేళ్ళకోసారి విడిగా పిలవండి. పెద్ద పని అయితే సంతకం పెట్టక ముందే ముసాయిదాను తెలుగులో, మున్సిపల్ ఆఫీసులో నెలరోజులు అందరికీ అందుబాటులో పెట్టమని అడగండి. పెట్టకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి, ముఖ్యంగా రాకపోకల అంచనా నివేదిక, ముగింపు చెల్లింపు లెక్క ఇమ్మని.